సాంచాల షెడ్డుకు పుట్ట గొట్టాలు పనికొస్తాయా?

మీరు రాసిన వివరాలు ఇవి. సిరిసిల్లలో 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఉన్న సిమెంటు రేకుల షెడ్డు. ఎనిమిది సాంచాలు (మరమగ్గాలు), సగం పాలిస్టర్, సగం కాటన్. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం కాటన్ పడుగు తెగుతోంది, పాలిస్టర్ పోగులు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి, పనివాళ్లు మూడు గంటలకే సాంచాలు బంద్ చేస్తున్నారు. ఒకాయన వచ్చి “చెదపుట్ట టెక్నాలజీ” అంటూ, రేకుల మీదుగా తొమ్మిది అంగుళాల పైపులు నాలుగు 20 అడుగుల ఎత్తుకు లేపితే ఏసీ లేకుండానే చల్లబడుతుందని చెప్పాడు. పెట్టించాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

వద్దు. ప్రకృతి నుంచి తీసుకోవాల్సింది చాలానే ఉంది. ఆ పైపులు మాత్రం పుట్ట ఆకారాన్ని తీసుకుని దాని పనిని వదిలేశాయి.

ముందు లెక్క చూద్దాం. మే మధ్యాహ్నం బయట 42 డిగ్రీలు, ఎండ చదరపు మీటరుకు 950 వాట్ల దాకా ఉంటుంది. మాసిన సిమెంటు రేకు అందులో సుమారు 70 శాతం పీల్చుకుంటుంది, రేకు వేడి 65–70 డిగ్రీలకు చేరుతుంది. మీ 1,200 చదరపు అడుగుల కప్పు నుంచి కిందికి దిగే వేడి దాదాపు 18 కిలోవాట్లు. ఎనిమిది సాంచాల మోటార్లు, మనుషులు కలిపి లోపల పుట్టించేది 5 కిలోవాట్లకు అటూ ఇటూ. అంటే మీ అసలు పొయ్యి నెత్తిమీద ఉంది. సిరిసిల్ల అక్షాంశంలో మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, అందుకే ఆ రోజుల్లో గోడల కంటే కప్పే ఎక్కువ ఎండ మోస్తుంది.

ఇప్పుడు పైపులు. పొగగొట్టంలో గాలి వేగం రెండు తెరుపుల మధ్య ఎత్తును లోపలి, బయటి వేడి తేడాతో హెచ్చిస్తే వచ్చే సంఖ్య వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. తేడా 3 డిగ్రీలు, ఎత్తు 20 అడుగులు అనుకుంటే, రాపిడి పోను సెకనుకు 0.64 మీటర్లు వస్తుంది. నాలుగు పైపుల నోళ్లు కలిపినా 0.16 చదరపు మీటర్లే, కాబట్టి సెకనుకు బయటికి పోయేది 0.1 ఘనమీటరు గాలి. కప్పుకు తెల్లరంగు వేసి మొత్తం వేడిని 10 కిలోవాట్లకు దించినా, లోపల బయటికంటే 3 డిగ్రీలకు మించి పెరగకుండా ఉండాలంటే సెకనుకు 2.9 ఘనమీటర్లు కదలాలి. పైపులు ఇచ్చేది అందులో ఇరవై ఐదో వంతు కూడా లేదు. ఎత్తు రెట్టింపు చేసినా వేగం రెట్టింపు కాదు, 40 శాతమే పెరుగుతుంది. ఈదురుగాలికి ఆ పైపులు రేకులతో సహా లేచిపోయే ప్రమాదం మాత్రం కచ్చితంగా పెరుగుతుంది.

పుట్ట సంగతికొస్తే, అది ఏసీ గది అన్న మాట 1960ల నాటి ఊహ. లోపలి వేడిగాలి పైకి పోయి, చల్లగాలి కిందినుంచి వస్తూ, గూడు ఎప్పుడూ ఒకే వేడిలో ఉంటుందని అప్పట్లో అనుకున్నారు. తర్వాత కొలిచి చూస్తే గూటి వేడి చుట్టూ ఉన్న నేల వేడిని అనుసరిస్తోందని తేలింది. గూడు నేలలో ఉంటుంది, నేల నిదానంగా వేడెక్కుతుంది, అంతే. మన పొలాల గట్ల మీద కనిపించే పుట్టలు ఎక్కువగా ఒడోంటోటెర్మిస్ జాతి చెదలవి. బెంగళూరులో ఆ జాతి పుట్టల లోపల గాలి వేగం కొలిచి 2015లో ప్రచురించారు. పగలు పుట్ట అంచుల్లోని సన్నని గొట్టాలు ముందు వేడెక్కుతాయి, వాటిలో గాలి పైకి పోయి నడిమధ్య నుంచి కిందికి దిగుతుంది. రాత్రి అంచులు ముందు చల్లారతాయి, దారి తిరగబడుతుంది. వేగం సెకనుకు కొన్ని సెంటీమీటర్లే. గూట్లో పేరుకున్న బొగ్గుపులుసు వాయువు రంధ్రాల మట్టిగోడ గుండా బయటికి పోవడానికి అది చాలు. సాంచాల వేడి తోడడానికి చాలదు.

ఆయన మీకు ఫొటో చూపించి ఉంటే, అది జింబాబ్వే రాజధాని హరారేలోని ఈస్ట్‌గేట్ భవనమే అయి ఉంటుంది. 1996లో కట్టారు, ఆర్కిటెక్టు మిక్ పియర్స్. పుట్ట పేరు చెప్పే ప్రతి అమ్మకందారు చేతిలోనూ ఆ ఫొటో ఉంటుంది. అందులో చెప్పని విషయాలు రెండు. ఆ భవనంలో ఫ్యాన్లు ఉన్నాయి. పగలు తక్కువగా, రాత్రి ఎక్కువగా గాలి తోసి, బరువైన కాంక్రీటును రాత్రంతా చల్లార్చి, ఆ చల్లదనాన్ని మర్నాడు వాడుకుంటారు. రెండోది, హరారే సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉంది, రాత్రులు బాగా చల్లబడతాయి. మన దగ్గర మే రాత్రి 29–30 దగ్గరే ఆగిపోతుంది.

అయినా ఈ రాత్రి పద్ధతి మీకు ఫిబ్రవరి, మార్చిల్లో బాగా అక్కరకొస్తుంది. అప్పుడు పగలు 36, రాత్రి 20 ఉంటుంది. మీ కాంక్రీటు నేల నాలుగంగుళాల మందం ఉంటే, దాన్ని రాత్రి 5 డిగ్రీలు చల్లార్చితే మర్నాడు 30 కిలోవాట్‌అవర్ల పైచిలుకు వేడిని మింగగలదు. ఎనిమిది గంటలకు పంచితే 4 కిలోవాట్లు, సాంచాల వేడికి దాదాపు సరి. షరతు ఏమిటంటే నేల తెరిచి ఉండాలి. పడుగు చుట్టిన బీములు, నూలు సంచులు, రెగ్జిన్ పరిచి కప్పేస్తే ఆ లెక్క పోయినట్టే.

ఇక చేయాల్సిన పని. మొదట కప్పు.

సహారా ఎడారిలో వెండిరంగు చీమ ఒకటుంది, మిగతా జంతువులు నీడకు పోయే మధ్యాహ్నంలో తిరుగుతుంది. దాని ఒంటిమీది వెంట్రుకలు ముక్కోణపు కడ్డీల్లా ఉండి ఎండను తిప్పికొడతాయి, అదే సమయంలో ఒంటి వేడిని పరారుణ కిరణాలుగా ఆకాశానికి వదిలేస్తాయి. ఇది కూడా 2015లోనే బయటపడింది. మనకు కావలసింది ఈ జంట పని. కొత్త జీఐ రేకు (జింకు పూత వేసిన ఇనుప రేకు) తళతళ మెరుస్తుంది, ఎండను కొంత తిప్పికొడుతుంది, కానీ పీల్చుకున్న వేడిని వదలడంలో చాలా పిసినారి. అందుకే మెరిసే రేకు కింద కూడా ఒళ్లు కాలుతుంది. తెల్లరంగు లేదా సున్నం రెండు పనులూ చేస్తుంది. శుభ్రమైన తెల్లపూతతో మీ కప్పునుంచి దిగే 18 కిలోవాట్లు 5 దగ్గరకు పడిపోతాయి. మిగతా ఏది చేసినా చేయకపోయినా ఇది మానకండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఈ లెక్క మీదే.

చేసే విధానం. మీ రేకులు పాతవి, ఆస్‌బెస్టాస్ కలిసినవే అయి ఉంటాయి. వాటిని వైరు బ్రష్‌తో గీకకండి, పొడిగా డ్రిల్లు పెట్టకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. నీళ్లతో తడిపి, మెత్తని చీపురుతో నాచు, మన్ను కడగండి. రేకు మీద నేరుగా కాలు పెట్టకూడదు, పర్లిన్‌ల (రేకులను మోసే అడ్డకడ్డీల) మీద పడేలా పలకలు వేసుకుని వాటి మీదే నడవాలి. సిమెంటు రేకు విరిగి కింద నడుస్తున్న సాంచా మీద మనిషి పడే ప్రమాదం ప్రతి షెడ్డులోనూ ఉంది. డబ్బు ఉంటే బయటి గోడలకు, కప్పులకు వేసే అక్రిలిక్ కూల్ రూఫ్ పెయింటు రెండు పూతలు. డబ్బా మీద రాసిన కవరేజీకి రేకు ముడతల కోసం 15–20 శాతం కలపండి. లేదంటే జల్లెడ పట్టిన సున్నం నాలుగు వంతులు, తెల్ల సిమెంటు ఒక వంతు, పాలలా జారేటంత నీళ్లు. గంటలో అయిపోయేంతే కలపాలి, తెల్ల సిమెంటు గట్టిపడుతుంది. తడిపిన రేకు మీద సాయంత్రం పూట మూడు పలుచటి పూతలు, పూతకు పూతకు మధ్య ఒక రాత్రి. ఒకే మందపు పూత వేస్తే పొలుసులుగా లేచిపోతుంది. వానాకాలం తర్వాత ఇది సగం కొట్టుకుపోతుంది, ప్రతి ఫిబ్రవరిలో మళ్లీ వేసుకోవాల్సిందే. జీఐ రేకు మీద మాత్రం సున్నం వద్దు, నిలవదు, పైగా జింకు పూతను తినేస్తుంది.

కప్పు కింద ఏదైనా వేస్తారా అంటే, సాంచాల షెడ్డులో థర్మోకోల్, గడ్డి, తాటికమ్మలు అసలు ఆలోచించకండి. నూలు పీచు పేరుకున్న చోట ఒక్క నిప్పురవ్వ చాలు. వేయగలిగితే అల్యూమినియం రేకు అంటించిన గ్లాస్‌వూల్, కుదరకపోతే వదిలేయండి.

రెండో పని గాలి దారి. మీ షెడ్డుకు నిజంగా పనిచేసే పొగగొట్టం కావాలంటే అది కప్పు రెండు వాలులు కలిసే కొనపొడవునా ఉండాలి. కిందా పైనా తెరుపుల మధ్య 10 అడుగుల ఎత్తు, 3 డిగ్రీల తేడా మీద లెక్కేస్తే కింద 9, పైన 9 చదరపు మీటర్లు రావాలి. అంటే 40 అడుగుల కొనకు రెండు వైపులా కలిపి రెండున్నర అడుగుల తెరుపు, దానిమీద వాన పడకుండా మరో చిన్న కప్పు. అంత చేయలేక సగమే తెరిస్తే పని ఆగిపోదు, లోపలి వేడి 3 డిగ్రీల బదులు 5 డిగ్రీలు ఎక్కువుంటుంది. ఈ తెరుపుకు కిందినుంచి తాడుతో మూసే తలుపులు పెట్టించండి. ఇది ముఖ్యం, ఎందుకో కిందే తెలుస్తుంది. గాలికి తిరిగే టర్బో గుండ్లను నేను సిఫార్సు చేయను. పీచు బేరింగుల్లోకి పోతే నిలబడిపోతాయి, నిలబడిన గుండు గాలికి అడ్డమే.

ఇంత చేసినా మీ అసలు బాధ సగమే తీరుతుంది. మే మధ్యాహ్నపు గాలిలో తేమ 20 శాతం. సెకనుకు 3 ఘనమీటర్ల అలాంటి గాలి లోపలికి తెస్తే పడుగు ఇంకా ఎండిపోతుంది. కాటన్ తడిలో బలపడే నూలు. ఎండితే బలం తగ్గుతుంది, గంజి పొర పెళుసెక్కి రాలుతుంది. కాటన్ మామూలుగా తన బరువులో 8.5 శాతం తేమ పట్టుకుంటుంది, పాలిస్టర్ 0.4 శాతమే. అందుకే పాలిస్టర్‌లో రాపిడికి పుట్టిన కరెంటుకు పోయే దారి లేక పోగులు అంటుకుంటాయి. కాటన్ నేతకు 75 శాతం దగ్గర, పాలిస్టర్‌కు 50–60 శాతం తేమ కావాలి. పెద్ద మిల్లులు హ్యుమిడిఫికేషన్ ప్లాంటు పెట్టేది ఇందుకే. కాబట్టి ఎండాకాలం పగలు మీకు కావలసింది తడిపి చల్లార్చిన గాలి. ఎడారి జంతువుల ముక్కులో చుట్టలు తిరిగిన సన్నని ఎముకల మీది తడిపొర చేసేది ఇదే, కొద్ది చోటులో ఎక్కువ తడి ఉపరితలం. తేనెతుట్టె ప్యాడ్ అని అమ్మే రంధ్రాల పలక ఆ పనికే: పంపుతో దాన్ని తడుపుతూ, ఎదుటి గోడకున్న ఫ్యానుతో బయటి గాలిని దాని గుండా లోపలికి లాగాలి.

కొనేముందు మీ షెడ్డు బయట నీడలో రెండు థర్మామీటర్లు పెట్టండి. ఒకదాని బల్బుకు తడి నూలుగుడ్డ చుట్టి, గుడ్డ కొస నీళ్ల గిన్నెలో ఉంచి విసనకర్రతో విసరండి. మూడు గంటలప్పుడు పొడిది 42, తడిది 23–24 చూపిస్తే తేడా 18–19. ఆ తేడాలో 70–80 శాతం ప్యాడ్ దించగలదు, గాలి 28 దగ్గర లోపలికి వస్తుంది. తేడా 5 డిగ్రీల లోపుకు పడిన రోజు, అంటే వానలు పట్టాక, ప్యాడ్ వల్ల లాభం లేదు.

మీ షెడ్డుకు నాలుగంగుళాల మందం ప్యాడ్, 25 చదరపు అడుగులు, అంటే ఐదుకు ఐదు. అంతకంటే తక్కువ పెడితే గాలి వేగం పెరిగి నీటిచుక్కలు ఎగిరి పడుగు మీద పడతాయి. గాలి 6,000 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు) కావాలి. ఫ్యాను మీద రాసే సంఖ్య అడ్డం లేనప్పటిది, ప్యాడ్ అడ్డానికి పాతిక శాతం తగ్గుతుంది, అందుకని 8,000 పైన రాసి ఉన్న 36 అంగుళాల బాక్సు ఫ్యాను తీసుకోండి. ప్యాడ్ ఉత్తరం గోడకు, ఫ్యాను దక్షిణం గోడకు. ఫ్యాను పడమర పెడితే వడగాలి దాని ముఖానికే కొడుతుంది.

సాంచాల అమరిక కూడా మార్చాలి. గాలి ప్యాడ్ దగ్గర 28 డిగ్రీలు, 65 శాతం పైన తేమతో వస్తుంది, షెడ్డు దాటేసరికి 32–33 అవుతుంది, తేమ 50 దగ్గరకు దిగుతుంది. కాటన్ సాంచాలు ప్యాడ్ వైపు, పాలిస్టర్ ఫ్యాను వైపు పెడితే ఒకే గాలి రెంటికీ సరిపోతుంది. ప్యాడ్‌కు మరీ ఆనించకండి, ఐదారడుగులు వదలండి, లేకపోతే రీడు (పడుగు పోగులు దూరే లోహపు దువ్వెన) తుప్పు పడుతుంది. ఈ గాలి నిదానంగా కదులుతుంది, ఒంటికి తెలియదు. పనివాళ్లకు చిన్న ఫ్యాను కావాలంటే మనిషి మీదికి తిప్పండి, పడుగు మీదికి వద్దు.

నీళ్లు గంటకు 67 లీటర్ల దాకా ఆవిరవుతాయి. పది గంటలకు 670. మీ దగ్గర బోరు నీళ్లు ఉప్పు నీళ్లయితే తొట్టిలో ఉప్పు చిక్కబడి ప్యాడ్ మీద తెల్లటి పెచ్చు కడుతుంది, ఒక్క సీజన్‌లో రంధ్రాలు మూసుకుపోతాయి. దానికి మందు, ఆవిరైన దాంట్లో పాతిక శాతం నీటిని బయటికి వదులుతూ ఉండటమే. మొత్తం 850 లీటర్లు అనుకోండి. వదిలిన నీళ్లు పడమటి గోడ పక్కన కానుగ మొక్కలకు పెట్టండి. కానుగ ఎండాకాలం మొదట్లో ఆకు రాల్చి ఏప్రిల్‌కల్లా కొత్త ఆకు వేస్తుంది, సరిగ్గా నీడ కావలసిన రోజులకు. రాత్రి ఫ్యాను ఆపే అరగంట ముందు పంపు ఆపి ప్యాడ్ ఆరనివ్వండి, లేకపోతే నాచు, వాసన. వారానికోసారి తొట్టి పూర్తిగా ఖాళీ చేసి రుద్దండి, దోమలకు అదే మంచి ఇల్లు.

ఇలాంటి ఏర్పాటు విఫలమయ్యేది ఎక్కువగా ఒక్క కారణంతోనే, సందులు. ఫ్యాను గాలిని ఎక్కడ సులువో అక్కడినుంచే లాగుతుంది. ఫ్యాను పక్క కిటికీ తెరిచి ఉంటే ప్యాడ్ తడిసి కూర్చుంటుంది, వేడిగాలి కిటికీలోంచి వచ్చి ఫ్యానులోంచి పోతుంది. కొన మీది తెరుపు మూయకపోయినా అంతే. రేకులకూ గోడకూ మధ్య ముడతల సందులన్నీ కలిపితే పెద్ద తెరుపే అవుతుంది, వాటిని సిమెంటు గారతో మూయించండి. పరీక్షకు ఫ్యాను వేసి, కండెలోంచి మూరెడు పాలిస్టర్ పోగు తెంపి ప్రతి సందు ముందు పట్టుకోండి. పోగు లోపలికి వాలితే అక్కడ గాలి దొంగతనంగా వస్తున్నట్టు. అగరుబత్తి పొగతో చూడమని చెప్తారు, పీచు ఉన్న షెడ్డులో అది వద్దు. ఫ్యాను ముందు జాలీకి పట్టిన పీచును షిఫ్టుకోసారి దులపాలి. అది మూసుకుపోతే గాలి సగమైపోతుంది, పనివాళ్లు “ప్యాడ్ పనిచేయట్లేదు” అంటారు.

కాలాన్ని బట్టి నడపడం ఇలా. ఫిబ్రవరి, మార్చి: పగలు మూసి, రాత్రి కొన తెరిచి, కిటికీలు తెరిచి, వీలైతే ఫ్యాను కూడా. ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా: పగలు కొన మూత, ప్యాడ్, ఫ్యాను. రాత్రి పంపు ఆపి అన్నీ తెరవాలి. వానాకాలం: పంపు బంద్, కొన, కిటికీలు బార్లా. కరెంటు పోతే మాత్రం ఏ కాలమైనా వెంటనే అన్నీ తెరవాలి, మూసిన షెడ్డు కొద్దిసేపట్లోనే ఉడికిపోతుంది. తాడు ఎవరు లాగాలో షిఫ్టుకొకరి పేరు రాసి పెట్టండి. పుట్టలో ఏ రంధ్రం మూయాలో ఏది తవ్వాలో చెదలు రోజూ చూసుకుంటాయి, మీ షెడ్డులో ఆ పని చేయడానికి మనిషే దిక్కు.

డబ్బు ఒకేసారి సర్దుబాటు కాకపోతే, ఈ ఏడు కప్పు పూత, సందుల మూత చేయండి. మధ్యాహ్నం రేకు అడుగున గన్ థర్మామీటరు పెట్టి ముందూ తర్వాతా రాసుకోండి, 15–20 డిగ్రీల తేడా కనిపించాలి. కనిపించకపోతే పూత పలుచగా పడింది, ఇంకో చేయి వేయించి ఆ తర్వాతే ఫ్యాను కొనండి.